టికెట్ వెనక రాసిన చిల్లర

ఇరవై ఏడేండ్లు మెహదీపట్నం డిపోల కండక్టర్ని.
చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిచ్చేదాన్ని:
మూడు రూపాయలు, ఐదు రూపాయలు,
కింద ఒక గీత. అదే నా సంతకం.
దిగేటప్పుడు అడిగినోళ్లకు ఇచ్చిన.
అడగనోళ్లది సంచిల మిగిలేది.
రాత్రి లెక్క కట్టినంక
ఆ పైసలు ఎవరివో తెల్వక
చెయ్యి బరువయ్యేది.

రిటైరయిన. సంచి మాత్రం మొలకు వేలాడుతనే ఉన్నది.

కోకాపేటల నలభై అంతస్తులు లేస్తున్న కాడ
రేకుల షెడ్లు. షెడ్ల ముంగట ఇసుక కుప్ప మీద
పద్నాలుగు మంది పిల్లలు.
సర్కారు బడి నాలుగు కిలోమీటర్ల అవతల,
నడుమ దాటరాని రోడ్డు.
ఫీజు లేదు, పుస్తకాలు ఫ్రీ, అన్నం ఫ్రీ, గుడ్డు కూడా పెడతం
అన్నడు హెడ్మాస్టరు.
ఫ్రీ అంటే ఏందో నాకెరుక సారూ,
ఆడోళ్లకు సున్నా టికెట్ కొట్టిన చేతులివి.
సున్నా అని పడ్డా డీజిల్ మండుతది.

ఆటో కావాలె.
నెలకు తొమ్మిది వేల రెండొందలు అన్నడు ఖలందర్ భాయ్.
పిల్లల మొహాలు చూసి ఆ రెండొందలు తీసేసిండు.
రశీదు బుక్కు అచ్చేయించిన. సంచి భుజానికేసిన.

మొదటి రశీదు మిర్చిబండి సుగుణమ్మది,
ఇరవై రూపాయలు, నూనె మరకతోటి.
గేటు లోపల ఒకాయన పావుగంట అడిగిండు:
ట్రస్టు ఉందా, పన్ను మినహాయింపు వస్తదా,
పిల్లలతోని ఫోటో దిగొచ్చా.
దిగొచ్చు సార్, అన్న.
ఐదు వేలిచ్చిండు. నవ్వొద్దు,
రెండు వారాలు బండి నడిచింది దానితోనే.
నా పాత డ్రైవర్ బుచ్చిలింగం
ఒకటో తారీఖు ఫోన్‌ల ఐదొందలేసి
‘రైట్ రైట్’ అని రాస్తడు, అంతే.

బస్సుల తల్లులు ఎనిమిదేండ్లోన్ని
ఐదని చెప్పేటోళ్లు, టికెట్ తప్పించనీకి.
ఇక్కడి తల్లిని ‘బిడ్డకు ఎన్నేండ్లు’ అని అడిగితే
‘వానల్లేని ఏడు పుట్టింది’ అన్నది.
హెడ్మాస్టరు పెన్ను కొరికి, జూన్ ఒకటి అని రాసిండు.

ఆ పిల్ల ఝుమ్రి. బలంగీరు నుంచి వచ్చింది.
తెలుగు అక్షరాలు పలక మీద కంటె ముందు
ఆటోల నుంచి, బస్సుల నొసటి మీద నేర్సింది.
‘మె’ కనవడితే ఖలందర్ వీపు మీద చరిచేది.

స్లాబు పని అయిపోయింది.
ఒక రాత్రి లారీ వచ్చింది.
తెల్లారి ఆటో హారన్ కొట్టి కొట్టి ఊకున్నది.
రేకులు లేవు. ఇసుక మీద ఒక చెప్పు.
సంచిల మూడు వేల నూట పది.
మళ్లా అదే బరువు.

తొమ్మిదో రోజు తెల్వని నంబరు.
‘అక్కా, నేను.’
ఏడున్నరు బిడ్డా?
‘అమ్మకు తెల్వదు. నాయినకు తెల్వదు.
ఉండు, బస్సొస్తుంది.’
గాలి చప్పుడు.
‘ప... టా... ఉరికిందక్కా, ఆగలే.
ఉండు, దుకాణం మీదిది చదువుత.
కొ... ల, కింద ఒత్తు... లూ... రు.’
కొల్లూరు.
నేను రోడ్డు మీదనే కూసున్న.

ఖలందర్ భాయ్ దూరం లెక్కేసిండు,
‘పన్నెండు వేలు’ అని నేల చూసిండు.
మళ్లా గేట్ల ముందు నిలబడ్డ.
ఒకామె ఐదొందల నోటిచ్చి,
మూడొందలు రాసుకోండి అన్నది. చిల్లర లేదు.
అలవాటు పోదు కద,
రశీదు తిప్పి వెనక రాసిన:
రెండొందలు, కింద గీత.
ఆమె చూడకనే లిఫ్టెక్కింది.

సంచిల మిగిలింది. ఈసారి ఎవరివో తెలుసు.

పద్నాలుగు కాదు, పదమూడే దొరికిండ్రు.
టుకు వాళ్లయ్య ఇంకో లారీ ఎక్కిండట.
ఫోను దిండు పక్కన పెట్టుకొని పంటున్న.
వానికి ఇంకా ఒత్తులు రావు.